నల్లగుడ్డ కింద ఎనిమిది కళ్ళు

నల్లగుడ్డ కిందికి తల దూర్చినప్పటి నుంచి లాల్ బాషాకు చెమట ఆగడం లేదు. ముక్కుకు జానెడు దూరంలో కెమెరా వెనకటి గరుకు అద్దం ఉంది, ఆ అద్దంలో సాలెపురుగు ఉంది. ఉందని తెలుసు, ఎందుకంటే దాన్ని కెమెరా ముందర పెట్టింది తనే. గిన్నె నిండా సోడా షాపు నుంచి తెచ్చిన ఐసు, గిన్నె మీద ఇత్తడి మూత, మూత మీద చిటికెడు ఎర్రమట్టి, ఆ మట్టి మీద బొటనవేలి గోరంత సాలెపురుగు, చలికి కాళ్ళు ముడుచుకుని, ప్రాణం ఉండీ లేనట్టు. ఇంతవరకూ బాగానే ఉంది. అద్దంలో మాత్రం అంబలిలో ఈగ పడినట్టు ఒక మసక, దాని చుట్టూ ఇంకో మసక. మర ముందుకు తిప్పితే మసక పెద్దదవుతోంది, వెనక్కి తిప్పితే చిన్నదవుతోంది, ఎటు తిప్పినా మసక మాత్రం వదలడం లేదు. ఇందులో కళ్ళెక్కడ, కాళ్ళెక్కడ? కళ్ళు కావాలి. తక్కినదేదీ లేకపోయినా ఫరవాలేదు, కళ్ళు కావాలి. ఆ మాట చెప్పిన మనిషి తలుపు అవతల, ముందు గదిలో బెంచీ మీద కూర్చుని కాలు ఊపుతున్నాడు, అతని చెప్పు కిర్రుమంటూ ఉంది. ఆ కిర్రు ఆగితే లోపలికి వస్తాడు. వస్తే, నేనూ ఒకసారి చూస్తా తప్పుకో మామా అంటాడు. చూస్తే అన్నీ తెలిసిపోతాయి.

ఆదినారాయణ మంచివాడే. పులివెందులలో వ్యవసాయ శాఖ డిమాన్స్ట్రేటరు, వేముల దగ్గరి రైతుబిడ్డ, మందుల డబ్బాలు మోసుకుని చేలగట్లు పట్టుకు తిరిగే మనిషికి పురుగుల మీద ఈ ప్రేమ ఎక్కడిదో! వేరుశనగ చేలల్లో గొంగళిని పట్టి తినే సాలెపురుగు ఒకటి ఉందని, అది ఏ జాతిదో ఎవరికీ తెలియదని, కలకత్తాలో ఉండే పెద్దలకు దాని ముఖం పటం తీసి పంపాలని నిన్న సాయంత్రం గాజుసీసా చంకన పెట్టుకుని బస్సు దిగాడు. పలక అడిగి తీసుకుని, సాలెపురుగు ముఖం గీసి చూపించాడు. కింద వరసలో నాలుగు చిన్న సున్నాలు, వాటి మీద రెండు పెద్దవి, ఇంకా పైన, వెనక్కి జరిగి మరో రెండు. మనుషులను ముక్కూ మూతీ చూసి పోల్చుకున్నట్టు సాలెపురుగును కళ్ళ వరసను చూసి పోల్చుకుంటారట. "మామా, కండ్లు ఎనిమిదీ పడాల. అవి పడకుంటే పటం తీసినా ఒగటే, తీయకున్నా ఒగటే," అన్నాడు. కడపలో ఇద్దర్ని అడిగితే నవ్వి పంపించారట, ప్రొద్దుటూరులో లాల్ బాషా ఉన్నాడు, ఆయన వల్ల కాకపోతే ఇంకెవరి వల్లా కాదు అన్నారట. ఆ మాట విన్నప్పుడు జానీబీ టీగ్లాసులతో వాకిలి దగ్గరే నిలబడి ఉంది. అదే కొంప ముంచింది. పెండ్లాం వింటుండగా మొగుణ్ణి పొగిడితే ఏ మొగుడు కాదంటాడు? కళ్ళు ఒప్పుకోకముందే నోరు ఒప్పేసుకుంది.

"మట్టి తడుస్తాంది," అంది జానీబీ, గుడ్డ బయటి నుంచి. ఆమె కెమెరా పక్కన నిలబడి, గిరాకీలు తల దువ్వుకునే అద్దాన్ని రెండు చేతులా పట్టుకుని, పైకప్పు గాజుపెంకుల్లోంచి పడే ఎండను సాలెపురుగు మీదికి మళ్ళిస్తోంది. ఐసు కరుగుతోందన్నమాట. కరిగేకొద్దీ మూత వెచ్చబడుతుంది, మూత వెచ్చబడితే పురుగు లేస్తుంది, లేచిందంటే ఇక దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఇది మాటు వేసి, ఉరికి పట్టే రకం, గూట్లో కూర్చుని కాచుకునే రకం కాదు. పొద్దున ఒకసారి సీసా మూత తీస్తేనే గోడ ఎక్కి, జానీబీ చేతి మీదుగా దిగి, చీపురు చాటున దూరింది. సోడా షాపులో ఉన్న ఐసంతా ఊడ్చి తెచ్చాడు, రంపపుపొట్టు తప్ప ఇంకేమీ మిగల్లేదు. అంటే ఇదే ఆఖరు. ఇది కాకపోతే ఆదినారాయణ సంచిలో స్పిరిటు సీసా ఉంది. చంపితే కాళ్ళు మెలిపడిపోతాయి, రంగు దిగిపోతుంది, కళ్ళలో మెరుపు పోతుంది, అందుకే ప్రాణంతో కావాలన్నాడు గానీ, కాకపోతే ఏం చేస్తాడు, చచ్చినదాన్నన్నా కలకత్తాకు పంపుతాడు.

చంపనివ్వనని లాల్ బాషా అన్నాడు. అన్నది తనో, తన నోట తల్లి మాబున్ని పలికిందో. సాలెగూడు దులపాలన్నా, ముందు పురుగును చీపురు పుల్లతో పక్కకు నడిపించి, తరువాతే గూడు దులిపేది ఆమె. ప్రవక్త గుహలో దాక్కున్న పూట, వెంటపడినవాళ్ళు వాకిట్లో ఈ జీవం అల్లిన గూడు చూసి, లోపల మనుషులుంటే గూడు చెదరదా అనుకుని వెనక్కి తిరిగారు, అటువంటిదాన్ని చంపే చెయ్యి ఏం బాగుపడుతుంది అనేది. నాన్న దూది ఏకే విల్లు టంగు టంగుమంటుంటే, ఇల్లంతా దూది రేణువులు ఎగురుతుంటే, ఆ రేణువులు సాలెగూళ్ళలో చిక్కి మూలలన్నీ తెల్లగా వేలాడుతుంటే, అమ్మ దగ్గుతూ ఈ కథ చెప్పేది. ఆ దూది వద్దనే కదా తను ఇల్లు వదిలి జమ్మలమడుగు పారిపోయింది. దూది కళ్ళలో పడి కళ్ళు పోతాయని నాన్నతో వాదించాడు. నాకు మంచి కళ్ళున్నాయి, వాటితో బతుకుతా అన్నాడు. నాన్న విల్లు ఆపకుండానే, బతుకు పో అన్నాడు. ఎనభై ఏళ్ళు బతికిన నాన్న పోయేరోజు కూడా సూదిలో దారం ఎక్కించాడు.

లాల్ బాషా గుడ్డ కిందనే కళ్ళు తుడుచుకున్నాడు. కుడికంట్లో పొర మల్లుగుడ్డ కట్టినట్టుంది, ఎడమది అంతకన్నా కొంచెం నయం, అదీ ఎన్నాళ్ళో. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు మారిన ఏడు మొదలైంది ఇది. ముందు నెగెటివుల మీద ముడతలు చెరిపే పెన్సిలు పని కుదరలేదు. మద్రాసులో ఇప్పుడు ముడతలు చెరపడం లేదు, ముడతలుంటేనే గొప్ప అని గిరాకీలకు చెప్పాడు, వాళ్ళు నమ్మారు, కొందరు సంతోషించారు కూడా. తరువాత అద్దంలో ముఖాలు కరిగిపోవడం మొదలైంది. అప్పుడే ఉపాయం తట్టింది. ఒక శుక్రవారం స్టూడియో మూసి, ఇంకా చూపు ఉన్నంతలో కొలిచి కొలిచి, నల్లటి బండల మీద సుద్దతో గీతలు గీశాడు. కుర్చీకి ఒక గీత, నిలబడేవాళ్ళకు ఒక గీత, కెమెరా మూడు కాళ్ళకూ మూడు. కెమెరా పట్టె మీద ఆకురాయితో గాట్లు పెట్టాడు. కుర్చీ గీత మీద ఉంటే, కెమెరా మడతల తోలుతిత్తిని మొదటి గాటు దాకా లాగితే, ముఖం తేటగా పడి తీరుతుంది, చూడనక్కరలేదు. అప్పటి నుంచీ నల్లగుడ్డ కింద తల పెట్టి, మర అటూ ఇటూ తిప్పినట్టు నటించి, కొంచెం గడ్డం ఎత్తండి అని ఒక మాట అని బయటికి వస్తున్నాడు. తొండూరు నుంచి, సింహాద్రిపురం నుంచి పెండ్లి బండ్లు కట్టుకు వచ్చి పటాలు తీయించుకుపోయారు, ఒక్కటంటే ఒక్కటి చెడలేదు. జానీబీకి కూడా తెలియదు. ముఖ్యంగా జానీబీకి తెలియకూడదు. కానీ సాలెపురుగుకు గీత ఎక్కడ? తనకు పని నేర్పిన ఉస్తాదు కెమెరా తిత్తిని తన కెమెరా తిత్తికి అతికి, చెయ్యంత పొడుగు సాగదీసి, లెన్సును పురుగు ముఖానికి బొటనవేలు దూరంలో పెట్టాడు. ఇక్కడ వెంట్రుకంత తేడా వస్తే కళ్ళు పోయి వెనక పొట్ట మీది నూగు తేటగా పడుతుంది. కళ్ళు తేటగా ఉంటే కాళ్ళు ఉండవు. ఇంత దగ్గరికి వచ్చినప్పుడు గీత సాయం చేయదు, గాటు సాయం చేయదు, కన్నే చూడాలి.

ఉస్తాదు అలీ అహ్మద్ జమ్మలమడుగులో మొదటిరోజే ఈ గుడ్డ కిందికి తోసి, ఏం కనపడుతోంది అని అడిగాడు. మనుషులు తలకిందులుగా వేలాడుతున్నారు అని భయపడి చెప్పాడు. ఉస్తాదు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈ అద్దంలో లోకం ఇట్లాగే ఉంటుంది రా, నిటారుగా కనపడింది అన్నావంటే నువ్వు అబద్ధం చెప్తున్నట్టు అన్నాడు. ఎంత మంచి చెయ్యి ఉస్తాదుది! లెన్సు మూత తీసి పెట్టే లెక్క కూడా ఆయన నేర్పినదే. గడియారం చూడకూడదు, గడియారం చూసే కన్ను మనిషిని చూడదు, మనసులో నిదానంగా బిస్మిల్లా చెప్పుకో, మంచి ఎండకు ఒకటి, మబ్బుకు ఇంకొకటి. అటువంటి ఉస్తాదు పెద్ద రెడ్డిగారింట్లో పెండ్లి పటం తీశాడు. మండువా నిండా జనం, అల్లుడూ కూతురూ, బంధువులూ, నౌకర్లూ. పటం కడిగి పట్టుకుపోతే పెండ్లికొడుకుకు తల లేదు, పక్కన పెండ్లికూతురి తల సగం ఉంది, గుమ్మం మీది మామిడాకులు మాత్రం ఒక్కొక్క ఈనె లెక్కపెట్టేటంత తేటగా ఉన్నాయి. అందరూ నవ్వారు. కోప్పడినా బాగుండేది, నవ్వారు. పిల్లలు వీధిలో ఆయన వెంటబడి, ఉస్తాద్ ఉస్తాద్ నా తల యాడికి పోయింది అని అరిచారు. ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని జేబురుమాలుతో లెన్సును తుడుస్తూనే ఉన్నాడు, తుడుస్తూనే ఉన్నాడు, మచ్చ లెన్సు మీద ఉన్నట్టు. తరువాత గండికోట దోవలో టీకొట్టు దగ్గర కూర్చుని, పోయేవాళ్ళను గొంతును బట్టి పోల్చుకుని పలకరించేవాడు. లాల్ బాషా వెళ్ళి, నేను ఉస్తాద్ అంటే, బాషావా, నీ కళ్ళు బాగుండాయా అని అడిగేవాడు. ఆ ప్రశ్న లాల్ బాషాకు ఇప్పుడు కూడా వినపడుతోంది. అప్పుడు తను ఎంత ఠీవిగా బదులు చెప్పాడో కూడా గుర్తుంది, సిగ్గేస్తోంది.

చెప్పు కిర్రు ఆగింది. బెంచీ కదిలిన చప్పుడు. "మామా, బస్సుకు టయిమయితాంది. లోపలికి రానా?" అని తలుపు అవతల నుంచి ఆదినారాయణ.

వద్దు సార్, గాలి కదిలితే పురుగు లేస్తుంది అని లాల్ బాషా అరవకుండా అరిచాడు. అబద్ధం కాదు. కానీ పూర్తి నిజమూ కాదు. చెప్పు మళ్ళీ కిర్రుమంది. ఎంతసేపు? మళ్ళీ మర తిప్పాడు. మసకలో నల్లగా ఒక చుక్క కనపడింది, అమ్మయ్య కన్ను అనుకున్నాడు, తల పక్కకు తిప్పితే ఆ చుక్క కూడా తలతో పాటు తిరిగింది. అది పురుగు కన్ను కాదు, తన కంట్లోదే. చుక్కకు కాళ్ళున్నట్టు, చూపు ఎటు పోతే అటు పాకుతోంది. లెన్సు ముందర ఒక సాలెపురుగు, కంట్లో ఒక సాలెపురుగు, రెంటి మధ్య తను. ఏదో ఒకచోట ఆపి, ఇదే అనుకుని ప్లేటు పెట్టేస్తే? అదృష్టం ఉంటే పడుతుంది. లేకపోతే పులివెందుల మొత్తం తెలుస్తుంది, ప్రొద్దుటూరు బజారులో చీరల కొట్ల ముందర జనం నవ్వుతారు, పిల్లలు వెంటబడతారు, బాషా బాషా పురుగు కండ్లు యాడికి పోయినాయి అని. దాని తరువాత ఎవరు వచ్చి గీత మీద కూర్చుంటారు? ఈ గుడ్డ లేకపోతే, ఈ మందుల వాసన లేకపోతే, తనకు పొద్దున లేవడానికి కారణం ఏముంది? భయమేసింది. నిజంగా, చిన్నపిల్లవాడికి వేసినట్టు, భయమేసింది.

"కాలు ఒగటి కదిలిచ్చింది," అంది జానీబీ మెల్లగా.

ఆమెకు కనపడుతోంది. మూరెడు దూరం నుంచి, గోరంత పురుగుకు దారంపోగంత కాలు కదిలితే ఆమెకు కనపడుతోంది. లాల్ బాషా ఆ సంగతి ఇప్పుడే వింటున్నట్టు ఆగిపోయాడు. పెండ్లయి ఇన్నేళ్ళలో జానీబీ ఈ గుడ్డ కిందికి ఎప్పుడూ రాలేదు, రమ్మని తనూ అనలేదు. పరాయి తల గుడ్డ కిందికి పోనీకు, పోయిందంటే ఆ రోజుతో నీ పని అయిపోయినట్టు అని ఉస్తాదు మాట. ఆ మాట పట్టుకునే ఆయన ఒంటరిగా తలలు లేని పెండ్లిపటం తీశాడు. పక్కన ఎవరో ఒకరు ఉండి, ఉస్తాద్, కొంచెం కిందికి అని చెప్పి ఉంటే? చెప్పేవాళ్ళు లేక కాదు, చెప్పనిచ్చే మనిషి కాదు ఆయన. ఐసునీళ్ళు గిన్నె అంచు మీదుగా బండల మీదికి కారుతున్న చప్పుడు, టప్ మని, మళ్ళీ టప్ మని. లాల్ బాషా గుడ్డ కింద నుంచి తల బయటికి తీశాడు. ఎండ ముఖాన కొట్టింది. ఎదురుగా జానీబీ కూడా కొంచెం మసకగానే ఉంది, కానీ ఆమె మసక అలవాటైనదే.

"ఆ అద్దం నాకియ్యి," అన్నాడు. "నువ్వు గుడ్డ కిందికి పో."

ఆమె ఏమీ అడగలేదు. ఏమైంది అనలేదు, నేనా అనలేదు, ఎందుకు అనలేదు. అదే అతనికి వింతగా ఉంది. అద్దం చేతికిచ్చి, కొంగు నడుముకు చుట్టుకుని, గుడ్డ కిందికి వంగింది. లాల్ బాషా అద్దాన్ని ఎండకు అటూ ఇటూ వంచాడు, వెలుగు ఎక్కడ పడుతోందో తెలియలేదు, "పైకి, ఇంకా, ఆఁ ఆడనే," అని గుడ్డ లోపలి నుంచి ఆమే చెప్పింది. మర ఎటు తిప్పాలి అని అడిగింది. ఎటైనా తిప్పు, అది నీ దిక్కు చూసేదాకా తిప్పు అన్నాడు. తిత్తి సన్నగా మూలిగింది. నీటిచుక్కలు బండల మీద పడుతూనే ఉన్నాయి.

"చూస్తాంది," అంది జానీబీ. గొంతు మారిపోయింది. "పైన వరసగా నాలుగు చిన్నవి. వాటికింద రెండు పెద్దవి, నల్లపూసల మాదిరి మెరుస్తాండాయి. ఇంకా కిందికి రెండు."

పైన నాలుగా? ఆదినారాయణ పలక మీద గీసినది కింద నాలుగు. ఈమెకు కనపడలేదు, తనను ఓదార్చడానికి ఏదో అంటోంది, కళ్ళ వరస విన్నది కదా, విన్నది తారుమారు చేసి అప్పజెబుతోంది, ఇంకేముంది, అయిపోయింది. అంతలో జమ్మలమడుగు, ఉస్తాదు నవ్వు, తలకిందులుగా వేలాడే మనుషులు. నిటారుగా కనపడిందంటే అబద్ధం. తలకిందులుగా కనపడింది కాబట్టి నిజం. ఎనిమిదీ కనపడ్డాయి ఆమెకు. లాల్ బాషాకు ఏడుపు వచ్చినంత పనైంది, ఏడవడానికి టయిము లేదు.

ఇక చేతుల పని. చేతులకు కళ్ళు అక్కరలేదు. మర బిగించాడు, లెన్సుకు మూత పెట్టాడు, ప్లేటు పెట్టెను వెనక తోశాడు, పెట్టె ముందరి రేకు పైకి లాగాడు, జానీబీని అద్దం పట్టుకోమన్నాడు. ఊపిరి బిగబట్టి మూత తీశాడు. బిస్మిల్లా, నిదానంగా. తిత్తి ఇంత సాగితే వెలుగు ఎంత తగ్గుతుంది, ఇంకో బిస్మిల్లా, ఇంకొకటి, కదలొద్దు తల్లీ, కాసేపు ఓర్చుకో, గుహ వాకిట్లో కూర్చున్నట్టు కూర్చో, మరొకటి. మూత పెట్టేశాడు. పెట్టిన క్షణాన మట్టి మీద ఏదో చెదిరినట్టయింది.

మూతకు ముందా, తరువాతా? "మూత పెట్టినాకనే లేచింది," అంది జానీబీ, అడగకుండానే. "ఇదో, కిందికి దిగింది. తొక్కుతావు, కదలాకు."

కదలకుండా ఉండడం అతని వల్ల కాలేదు. గాజుసీసా పట్టుకుని మోకాళ్ళ మీద కూలబడి, బండల మీద అరచేతితో తడిమాడు. బండలు చల్లగా, నున్నగా ఉన్నాయి. జానీబీ తెల్లవారకముందే కడిగింది, రోజూ కడుగుతుంది, గిరాకీలు తొక్కిన మట్టంతా పోయేదాకా చీపురుతో రుద్ది రుద్ది కడుగుతుంది. చెయ్యి కుర్చీ గీత దగ్గర ఆగింది. వేళ్ళకు పిండిలాగా సుద్ద అంటింది. దళసరిగా, పొడిగా, ఇప్పుడే గీసినట్టు. లాల్ బాషా ఆ వేళ్ళను కంటి దగ్గరికి తెచ్చుకున్నాడు. తను సుద్ద పట్టుకున్నది ఒక్కసారే, ఆ శుక్రవారమే. ఆ గీత ఆ మరుసటి పొద్దున్నే పోయి ఉండాలి.

జానీబీ చీపురు పుల్ల అడ్డం పెట్టి సాలెపురుగును సీసాలోకి నడిపిస్తోంది, అతని అమ్మ నడిపించినట్టే.

"ఈ గీతలు..." అన్నాడు.

"కడిగితే పోవా మరి?" అంది ఆమె తల ఎత్తకుండా. "పోయినప్పుడంతా గీస్తాండా."

"ఎప్పటి నుంచి?"

"నువ్వు గీసిన మర్సనాటి నుంచి." సీసాకు మూత పెట్టి, మూతకు పొడిచిన బెజ్జాలు వేలితో తడిమి చూసుకుంది. "నువ్వు చెప్తావులే అని ఊరికే ఉంటి."

తలుపు మీద తట్టిన చప్పుడు. ఆదినారాయణ ఇక ఆగలేకపోయాడు. అయిందా మామా, స్పిరిటు తియ్యల్నా, కండ్లు పడినాయా అని ఒకే గుక్కలో అడిగాడు. లాల్ బాషా సుద్ద అంటిన చేతిని పంచెకు తుడుచుకోబోయి, తుడుచుకోలేదు.

"పడినాయి సార్, ఎనిమిదీ పడినాయి," అన్నాడు. "నాకు కనపడలే. మా జానీబీ చూసింది."

లాల్ బాషా మోకాళ్ళు పట్టుకుని లేచి, గీత తొక్కకుండా పక్కగా నడిచి, గడియ తీయడానికి వెళ్ళాడు.